మదనపల్లె నుంచి కుప్పం దాకా: తప్పుల దారిలో విశేషాలు

తప్పు చేయడంలో ఏ ఊరూ ఇంకో ఊరికి తీసిపోదు. దిద్దుకోవడంలో మాత్రం చిత్తూరు పడమటి సీమకు చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పంలో దిగేలోపు ఈ విశేషాలన్నీ దారి పక్కనో, కాస్త లోపలికో తగులుతాయి. మధ్యలో పారిస్, ఫిలిప్పీన్స్ కూడా వస్తాయి. దానికి వేరే టికెట్టు అక్కర్లేదు.

మొద్దబ్బాయి

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. పిల్లవాడు బడిలో ఎంత పరధ్యానంగా ఉండేవాడంటే, వీడికి బుర్ర లేదని అయ్యవార్లు తేల్చేశారు. బెత్తం దెబ్బలకు కొదవ లేదు. 1909లో అడయారు సముద్రపు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంట పడ్డాక, ఆ మొద్దబ్బాయినే జగద్గురువును చేస్తామని సమాజం బయల్దేరింది. 1911లో ఆయన కోసమే ఒక అంతర్జాతీయ సంఘం పెట్టారు. అయ్యవార్ల అంచనా ఒక కొస, సమాజం అంచనా ఇంకో కొస. పిల్లవాణ్ణి అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

తమ్ముడు నిత్యానందకు క్షయ పట్టుకుంది. అతనికి ప్రాణభయం లేదని పెద్దలు చెప్పిన మాటను కృష్ణమూర్తి గట్టిగా నమ్మారు. 1925 నవంబరులో ఆయన ఓడలో ఇండియాకు వస్తుండగా కబురు అందింది: కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో నిత్య చనిపోయాడు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఓమెన్‌లో సుమారు 3 వేల మంది సభ్యుల ఎదుట నిలబడి ఆ సంఘాన్ని రద్దు చేసేశారు. భక్తులు రాసిచ్చిన ఆస్తులు ఎవరివి వాళ్లకు తిరిగి వెళ్లిపోయాయి. సొంత తప్పు తెలిశాక పదవికి రాజీనామా చేసినవాళ్లు చాలామందే ఉంటారు. పదవినే లేకుండా చేసినవాళ్లు అరుదు.

అలవాట్ల మీద ఆయన చెప్పింది నేటికీ చాలామందికి మింగుడుపడదు. సిగరెట్టుతో కుస్తీ పట్టకు, పట్టినకొద్దీ దానికే బలం. చెయ్యి జేబులోకి వెళ్లడం, పెట్టె తీయడం, పుల్ల గీయడం, మొదటి దమ్ము, అన్నీ తిట్టుకోకుండా చూడు. అంతే. ఇది వేదాంతం మాటలే అనుకునేవాళ్లకు ఒక లెక్క: 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 88 మంది పొగరాయుళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు మాన్పించే తరగతులు, రెండో జట్టుకు కోరిక పుట్టినప్పుడు దాన్ని గమనించే శిక్షణ. 17 వారాల నాటికి మొదటి జట్టులో 6 శాతం, రెండో జట్టులో 31 శాతం పొగకు దూరంగా ఉన్నారు. చిన్న ప్రయోగమే, దీనితోనే తీర్పు చెప్పేయలేం. అయినా తేడా చిన్నది కాదు.

ఉమ్మితే ఊరుకోని ఆసుపత్రి

నిత్యను బలిగొన్న ఆ జబ్బు కోసమే, అన్నదమ్ముల సొంత ఊరు పక్కనే, 1915లో ఒక శానటోరియం మొదలైంది. ఆరోగ్యవరం. క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన ఆ ఆసుపత్రికి డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ తొలి పెద్ద. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. కాబట్టి శానటోరియంలో వైద్యమంటే ముఖ్యంగా అలవాట్లు మార్చడమే: గంట కొడితే పడుకోవాలి, గంట కొడితే లేవాలి, కిటికీలు మూయకూడదు, దగ్గు వస్తే గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కళ్లె ఎక్కడపడితే అక్కడ ఉమ్మకూడదు, దానికని ఇచ్చిన మూత గిన్నెలోనే ఉమ్మాలి. పుట్టినప్పటినుంచీ గోడవారన ఉమ్మడం అలవాటైన మనిషి చేత అది మాన్పించడం ఎంత కష్టమో మన బస్టాండ్లు చూస్తే తెలుస్తుంది. మందలింపు కన్నా చేతికిచ్చిన గిన్నె బాగా పనిచేసింది. ఉమ్మడానికి ఒక చోటంటూ ఉంది మరి.

వైద్యులు కూడా తమ తప్పు ఒకటి దిద్దుకోవాల్సి వచ్చింది. క్షయరోగి నెలల తరబడి మంచం దిగకూడదన్నది వాళ్ల గట్టి నమ్మకం. 1956లో మద్రాసులో మొదలైన క్షయ మందుల పరిశోధన కేంద్రం, కొందరిని శానటోరియంలోనూ కొందరిని వాళ్ల ఇరుకిళ్లలోనూ ఉంచి ఒకే మందులు ఇచ్చి చూసింది. 1959లో వచ్చిన ఫలితం: ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ప్రపంచమంతటా శానటోరియాల అవసరం తగ్గిపోవడానికి ఆ ఒక్క పరిశోధన పెద్ద కారణం.

అయితే ఇంటి వైద్యంలో కొత్త చిక్కు వచ్చింది. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఒంటికి కండ పడుతుంది, "ఇంకెందుకులే" అని మాత్రలు ఆపేస్తారు. జబ్బు మొండికేసి తిరగబెడుతుంది. మద్రాసు కేంద్రంలోని వాలెస్ ఫాక్స్ బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా మామూలుది: మాత్ర ఇంకొకరి కళ్లెదుట మింగాలి. తర్వాత ప్రపంచమంతా పాకిన డాట్స్ పద్ధతికి బీజం అక్కడే పడింది. రోగి మంచివాడా, నిర్లక్ష్యపు మనిషా అన్న విచారణే లేదు. ఎవరికైనా మరుపు సహజమని ముందే ఒప్పుకుని ఏర్పాటు చేశారు.

ఇంకోటి. మన దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ముందుంటుంది. ఆ ఏడాది 1948. మన ఎడమ భుజం మీద మచ్చకు ఈ ఊరితో చుట్టరికం ఉన్నట్టే.

కొట్టివేతల్లోంచి బొమ్మలు

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో దిగారు. జనగణమనకు ఆయన సొంత ఇంగ్లిషు అనువాదం అక్కడే పుట్టింది. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం తెలిసిన మనిషి. పాట బాణీని ఆమె స్వరాల్లో రాసి పెట్టుకున్నారు. ఇది మదనపల్లెలో చిన్నపిల్లలకూ తెలుసు.

తక్కువమందికి తెలిసింది ఇంకోటుంది. టాగూర్ రాతప్రతుల్లో కొట్టివేతలు ఎక్కువ. నచ్చని మాటను అడ్డగీత గీసి వదిలేయడం ఆయనకు ఇష్టం లేదు. కొట్టేసిన మాటల చుట్టూ సిరాతో నింపుకుంటూ, ఒకదానికొకటి కలుపుకుంటూ వెళ్తే ముక్కో, తోకో, ఏదో వింత పక్షో తేలేది. 1924లో రాసిన 'పూరబి' కవితల ప్రతిలో ఇవి మరీ ఎక్కువ. ఆ కొట్టివేతల దారినే నడిచి అరవై దాటాక ఆయన చిత్రకారుడయ్యారు. 1930లో పారిస్‌లో ప్రదర్శన కూడా జరిగింది. ఎర్ర సిరాతో పేజీ అంతా సున్నాలు చుట్టే మాస్టార్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

అందరూ తెలివిగా ఉంటే జరిగే తప్పు

మదనపల్లె టమోటా మండీ ఆసియాలోనే పెద్దదని ఊరి జనం గర్వంగా చెప్పుకుంటారు. 2023 జులై ఆఖర్లో ఇక్కడ మొదటి రకం కిలో 2 వందల దగ్గరిదాకా వెళ్లింది. సెప్టెంబరు వచ్చేసరికి అదే కాయ పది రూపాయల చుట్టుపక్కలకు జారింది. ఇలాంటి ఎగుడుదిగుళ్లు ఈ మండీకి కొత్త కాదు. రేటు లేనప్పుడు క్రేట్లకు క్రేట్లు రోడ్డు మీద పారబోయడం ఊరంతా చూసిందే.

బయటినుంచి చూసేవాళ్లు "రేటు చూసి ఎగబడి నాటితే ఇంతే మరి" అనేస్తారు. అంత సులువుగా అనడం సరికాదు. ఒక్క రైతు లెక్క చూడండి: పోయిన పంటలో అప్పు మిగిలింది, ఇప్పుడు రేటు ఉంది, నారు నాటితే రెండు, రెండున్నర నెలల్లో కోత. నాటక ఇంకేం చేస్తాడు? ఆయన లెక్కలో తప్పు లేదు. అదే రోజు అదే లెక్క వేలమంది వేయడంలోనే వచ్చింది ముప్పంతా. కట్టెలు పాతి, తీగ కట్టి, మల్చింగ్ షీట్ పరిచి, మందులు కొట్టి, కూలీలకు ఇచ్చి కాయ చేతికొచ్చే నాటికి కోలారు నుంచీ అదే కాయ, కుప్పం వైపు నుంచీ అదే కాయ.

దీనికి ఆర్థికశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతమని పేరు. 1934లో నికొలస్ కాల్డోర్ పెట్టారు. గిరాకీ, సరఫరా గీతల మధ్య ఏడాదికేడాది ధర తిరిగే దారిని కాగితం మీద గీస్తే సాలెగూడులా కనిపిస్తుంది. అంతకు ముందే, 1928లో, ఆర్తుర్ హనావ్ అనే జర్మన్ పండితుడు పందుల ధరల్లో ఇదే తిరగలిని పట్టుకున్నాడు. కాబట్టి మన రైతును ఒక్కణ్ణే నిందించడానికి లేదు, జర్మన్ పందుల పెంపకందారులదీ అదే కథ.

అనుభవమున్న రైతు మండీ రేటు కన్నా నర్సరీ వైపు చూస్తాడు. నారు ట్రేల కోసం ముందే డబ్బు కట్టి వరసలో నిలబడాల్సి వస్తోందంటే, ఆ నారంతా ఒకేసారి కాయై మండీకి వస్తుందని అర్థం. నర్సరీవాడు ట్రేలు పెట్టుకుని ఖాళీగా కూర్చున్న వారం నాటడానికి గుండె కావాలి. ఉన్న పొలమంతా ఒకే వారం నాటకుండా ముక్కలు ముక్కలుగా నాటేవాళ్లకు జాక్‌పాట్ తగలదు, కానీ కొంప మునగదు. అలవాటు మారడమంటే ఇక్కడ ఇంతే, చూసే చోటు మారడం.

నిచ్చెన మీద ఫెయిల్ లేదు

మదనపల్లెకు దగ్గర్లోనే రిషివ్యాలీ బడి. కృష్ణమూర్తి చలవతో 1920ల్లో పుట్టింది. పెద్దింటి పిల్లల వసతి బడిగానే చాలామందికి తెలుసు. లోకానికి ఎక్కువ పనికొచ్చింది మాత్రం దాని చుట్టూ పల్లెల్లో 1980ల నుంచి పెరిగిన చిన్న చిన్న బడులు. ఒకే గది, చాలాచోట్ల ఒకే టీచరు, వేర్వేరు తరగతుల పిల్లలు. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు వాటి కోసం ఒక నిచ్చెన తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటి వరసను గోడ మీద నిచ్చెన బొమ్మగా వేస్తారు. పిల్ల తన మెట్టు తనే చూసుకుని తన కార్డు తనే తెచ్చుకుంటుంది. వేరుశనగ కోతలకు అమ్మ వెంట పది రోజులు వెళ్లిపోయిందనుకోండి, తిరిగొచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. "అందరూ ఆరో పాఠంలో ఉంటే నువ్వింకా నాలుగులోనే ఉన్నావా" అనేవాళ్లు లేరు. ఇదే పద్ధతి ఊతంతో కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో 'నలి కలి' మొదలైంది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి, అక్కడినుంచి తమిళనాడు అంతటికీ పాకింది.

ఇక్కడే ఇంకో ముచ్చట. మనం ఘంటాపథంగా చెప్పిన జవాబు తప్పని తేలితే, గొణుక్కుంటూ చెప్పిన తప్పు కన్నా అదే బాగా దిద్దుకుంటాం. 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. నిబ్బరంగా చెప్పి తప్పైతే తెల్లబోతాం, ఆ తెల్లబోవడంలోనే సరైన జవాబు మనసులో నాటుకుంటుంది. తరగతిలో చెయ్యెత్తి తప్పు జవాబు చెప్పే పిల్లవాడు నోరు మూసుకుని కూర్చున్నవాడి కన్నా లాభంలో ఉన్నాడన్నమాట. ఎవరూ నవ్వకుండా ఉంటేనే సుమా.

పొట్టి ఆవు, పెద్ద పొరపాటు

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. బరువు 115 నుంచి 200 కిలోలు. పాలలో వెన్న 8 శాతం దాకా, మామూలు ఆవు పాలలో మూడు, నాలుగు శాతమే. కరువొచ్చినా ఎండుగడ్డితో నెట్టుకొస్తుంది. ఇన్ని గుణాలున్న జాతి అంతరించే దాకా ఎలా వెళ్లింది? టమోటా కథే మళ్లీ. పాలు ఎక్కువ కావాలని ఒక్కో ఇల్లు తన ఆవును పెద్ద జాతి ఆంబోతుతో దాటించింది. ఒక్కో ఇంటికీ అది లాభమే. రెండు మూడు తరాలు గడిచేసరికి అసలు పుంగనూరు ఆవు కోసం పుంగనూరులోనే వెతుక్కోవాల్సి వచ్చింది.

పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం మిగిలినవాటిని చేరదీసి మందను నిలబెట్టింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన ఇంట్లో వీటికి మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక గిరాకీ ఆకాశానికి వెళ్లింది. ఇప్పుడు ఇంకా పొట్టివి, మోకాలెత్తువి, సోఫా పక్కన నిలబెట్టేవి కావాలంటున్నారు. నన్నడిగితే ఇది పాత పొరపాటే తలకిందులుగా: అప్పుడు పెద్దది కావాలని జాతిని పోగొట్టుకున్నాం, ఇప్పుడు బొమ్మ కావాలని సాగదీస్తున్నాం.

కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?

పలమనేరు నుంచి చిత్తూరు వైపు కాస్త పక్కకు వెళ్తే కాణిపాకం. ఈ జిల్లాలో ఏ తగాదా అయినా "కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్" అన్న మాట దగ్గర ఒక మలుపు తిరుగుతుంది. రాజకీయ నాయకుల సవాళ్లూ అక్కడికే. తాగుడు మానతామని వినాయకుడి ఎదుట ప్రమాణం చేసేవాళ్లూ ఉన్నారు, చేయించడానికి వెంట తీసుకొచ్చే భార్యలూ, తల్లులూ ఉన్నారు. "సామి ముందర చెప్పినావు, గుర్తుండాల నాయనా" అన్న మాటకు ఉన్న బరువు డాక్టరు సలహాకు ఉండదు.

ఇలాంటి కట్టుబాటును ఫిలిప్పీన్స్‌లో డబ్బుతో పరీక్షించారు. సిగరెట్టు మానాలనుకునేవాళ్లు ఆరు నెలలు బ్యాంకులో డబ్బు వేస్తారు. చివర్లో మూత్ర పరీక్షలో నికొటిన్ కనబడితే ఆ డబ్బు పోయినట్టే. ఈ ఖాతా ఇస్తామంటే ఒప్పుకున్నది 11 శాతం మంది మాత్రమే. అయినా, ఖాతా ఇవ్వజూపిన జట్టులో పొగ మానినవాళ్లు మిగతా జట్టు కన్నా 3 శాతం పాయింట్లు ఎక్కువ తేలారు. ఏడాది తర్వాత చెప్పకుండా వెళ్లి పరీక్షించినా ఆ తేడా నిలిచింది. ప్రమాణం పనిచేస్తుంది, కానీ ప్రమాణానికి సిద్ధపడేవాళ్లే తక్కువ.

కార్తీకంలో అయ్యప్ప మాల సంగతి ఇంకా చిత్రం. రోజూ క్వార్టరు లేనిదే నిద్రపట్టని మనిషి నల్లబట్టలు కట్టుకుని 41 రోజులు చుక్క ముట్టడు. మాల తీసిన సాయంత్రానికే మళ్లీ పాత దారి. ఎందుకు? లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని కొత్త అలవాటు పట్టుకోమని చెప్పి గమనిస్తే, అది దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి లెక్కగట్టి చూస్తే 254. వాట్సాప్‌లో తిరిగే 21 రోజుల లెక్కకు ఆధారం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ పుస్తకం. మారిన ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతుందని ఆయన రాశాడు. ముక్కు లెక్క మద్యానికి అంటగట్టారు.

రోజుల సంగతి అలా ఉంచండి. మాలలో ఉన్నన్నాళ్లూ చుట్టూ లోకమే మారుతుంది. పక్కవాళ్లు "సామీ" అని పిలుస్తారు, నేల మీద పడక, చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన. తాగే స్నేహితుడు కూడా తన గ్లాసు దాచుకుంటాడు. మాల దిగగానే అదే స్నేహితుడు, అదే వైన్‌షాపు మలుపు. లాలీ చెప్పిన ఇంకో మాట మాత్రం ఊరటనిచ్చేది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కట్టిన అలవాటు కూలిపోదు. "ఎట్లాగూ తప్పిందిలే" అని రెండో రోజూ తప్పేవాడిదే ఇబ్బంది.

మూడు రాష్ట్రాల మూల

చుట్టూ ఉన్న లోకం మారితే అలవాటు మీద ఎంత పనిచేస్తుందో అమెరికా సైన్యం వియత్నాంలో చూసింది. అక్కడ హెరాయిన్‌కు బానిసలైన సైనికులు ఇళ్లకు చేరాక ఏడాదిలో మళ్లీ బానిసలైంది సుమారు 5 శాతమేనని లీ రాబిన్స్ అధ్యయనంలో తేలింది. ఊరు మారింది, తోటివాళ్లు మారారు, అలవాటుకు ఆసరా పోయింది.

కుప్పంలో దీని తిరగేసిన పాఠం కనిపిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు నుంచి సారా బందు, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మొత్తం మద్యమే నిషేధించింది. కుప్పానికి ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. ఇక్కడ షాపు మూస్తే అక్కడ తెరిచే ఉండేది, చుట్టూ లోకం మారనేలేదు. 1989 నుంచి కుప్పం నుంచే గెలుస్తున్న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగానే, 1997లో నిషేధం ఎత్తేశారు.

'ఊఁ' నుంచి 'ఎందుకు?' దాకా

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ఆవరణ 172 ఎకరాలు. ఒకప్పటి బోడిగుట్టల మీద ఇప్పుడు చెట్లు, మధ్యలో పిల్లల ప్రయోగశాలలు. 1999లో దీన్ని మొదలుపెట్టిన రాంజీ రాఘవన్ లండన్‌లో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి, చిన్నప్పుడు చదివింది రిషివ్యాలీలో. ఇక్కడికి రాలేని పిల్లల దగ్గరికి సైన్సు సామాన్లేసుకుని వ్యాన్లు వెళ్తాయి. ప్రయోగం చెప్పేది కూడా చాలాసార్లు సర్కారు బడి పిల్లలే. తోటిపిల్ల చెబుతుంటే "తప్పు, అట్లా కాదు" అనడానికి ఎవరూ జంకరు.

వాళ్లు పిల్లల్లో మార్చాలనుకునే అలవాట్లు ఐదు. తలూపడం నుంచి ఎందుకని అడగడానికి. ఊరికే చూడటం నుంచి పరిశీలించడానికి. కదలకుండా కూర్చోవడం నుంచి వెతకడానికి. పుస్తకం నుంచి చేత్తో చేయడానికి. భయం నుంచి ధైర్యానికి. నాకైతే ఐదోదాన్ని మొదట పెట్టాల్సిందనిపిస్తుంది. దెబ్బ పడుతుందన్న భయం ఉన్నన్నాళ్లూ ఏ పిల్లవాడి నోటా ఆ మొదటి "ఎందుకు" రాదు.